మొగలిమెరక మొక్కలు చావలేదు

పోయినేడు చైర్మన్ గారు నాటిన మొక్కల్లో ఒక్కటి కూడా చావలేదన్న ఘోరమైన నిజం బుధవారం పొద్దున్న మొగలిమెరక గట్టు మీద బయటపడింది.

కనిపెట్టింది బుల్లిరాజు గారు. తీరహరిత సంస్థ చైర్మన్ శ్రీ సూర్యప్రకాష్ గారికి మా ప్రాంతంలో కుడిభుజం ఆయనే. శనివారం జరగబోయే ఆరవ మహా హరిత సంకల్పానికి ఏర్పాట్లు చూద్దామని అమలాపురం నుంచి కారులో వెళ్ళి, గట్టెక్కి, చూసి, అక్కడే కూలబడి నాకు ఫోన్ చేశారు. కొత్తపేటలో మైకులూ షామియానాలూ అద్దెకివ్వడం నా వృత్తి. జరిగిన అయిదు సంకల్పాలకీ మైకు నాదే.

"గంగాధరం గారూ, కొంప మునిగిందండీ. మొక్కలు బతికేసేయి."

"ఎన్నండీ?"

"అన్నీనండీ! ఒక్కటంటే ఒక్కటి పోలేదు. ఛాతీ దాకా వచ్చేసేయి. పచ్చగా ఉన్నాయండీ దరిద్రం!"

నేను ధైర్యం చెప్పాను. శనివారానికి ఇంకా టైముంది, ఈలోగా ఏదైనా చీడ తగలవచ్చు అన్నాను.

ఇందులో ప్రమాదం ఏమిటో తెలియని పాఠకుల కోసం కొంచెం వెనక్కి వెళ్ళాలి.

ఓడలరేవు దాటి సముద్రం వైపు పోతే మొగలిమెరక వస్తుంది. ఆ ఊరి చేలకీ సముద్రానికీ మధ్య ఉన్నది ఒకే ఒక్క మట్టిగట్టు. తుఫాను వస్తే గట్టు తెగుతుంది, ఉప్పునీరు చేలో పడుతుంది, ఇక రెండేళ్ళ దాకా ఆ చేలో గడ్డి కూడా మొలవదు. ఇది చూసి చలించిపోయిన చైర్మన్ గారు, పదవిలోకి వచ్చిన కొత్తలో ఆ గట్టు మీదే నిలబడి చారిత్రాత్మకమైన ప్రకటన చేశారు. "సముద్రానికీ రైతుకీ మధ్య పచ్చని గోడ కడతాను!" అన్నారు. అప్పటినుంచి ఏటా వచ్చి కడుతున్నారు. అదే చోట.

ఆ చోటు ఎంపికలోనే ఆయన దూరదృష్టి తెలుస్తుంది. గట్టు మీద కారు తిరిగేది అక్కడొక్కచోటే. ఫొటోలో వెనక సముద్రం పడుతుంది. మొదటి ఏడాది తవ్విన గుంటలే ఏటా పనికొస్తాయి. శిలాఫలకం కూడా ఒక్కటే. పెయింటరు వచ్చి సంవత్సరం మాత్రం మార్చి పోతాడు. ప్రజాధనం మీద ఇంత జాగ్రత్త ఉన్న నాయకుణ్ణి నేను ఇంకొకరిని చూడలేదు.

మొక్కలు కూడా అంత పద్ధతిగానూ ఉండేవి. చైర్మన్ గారు నాటేవారు, బుల్లిరాజు గారి మనుషులు నింపి పెట్టిన ఇత్తడి బిందెలతో స్వయంగా నీళ్ళు పోసేవారు, బొండం తాగి వెళ్ళిపోయేవారు. వారం తిరక్కుండా ఆకులన్నీ మాడేవి. నెలకి పుల్లలు మిగిలేవి. మళ్ళీ ఏడాదికి గుంటలు ఖాళీ. కానుగా పొన్నా ఏమంత సుకుమారమైన మొక్కలు కావు, పైగా వానాకాలం. అయినా అంత తొందరగా ఎందుకు మాడిపోయేవో సేద్యం తెలిసినవాళ్ళకి కూడా అంతుపట్టేది కాదు. బుల్లిరాజు గారు మాత్రం అది ప్రతిపక్షం కుట్ర అని ఏటా ఖండించేవారు.

పోయినేడు ఒక్కసారే కార్యక్రమం చెడింది. చైర్మన్ గారు మొక్కలు నాటి, బిందె మీద చెయ్యి వేసేసరికి కుండపోత వాన. నీళ్ళు పోసే ఘట్టం రద్దయింది. నింపిన బిందెలు నింపినట్టే ఉండిపోయాయి. నా యాంప్లిఫయరు ఒకటి తడిసి పోయింది, దానికి ఎవరూ సంతాపం చెప్పలేదు.

తరవాత ఏమైందో ఎవరికీ తెలీదు. ఒక సంకల్పానికీ ఇంకో సంకల్పానికీ మధ్య గట్టు ఎక్కే అలవాటు పార్టీలో లేదు.

ఇప్పుడు కడియం నుంచి కొత్త మొక్కల లారీ బయల్దేరింది. గట్టు మీద గుంటలన్నీ హౌస్‌ఫుల్.

"పక్కన ఇంకో చోట నాటొచ్చు కదండీ" అన్నాను.

"కారు తిరగదండీ" అన్నారు బుల్లిరాజు గారు.



*

మధ్యాహ్నం నేను గట్టు చేరేసరికి సంస్థ అధికారిణి యామిని గారు ఫైలుతో వచ్చారు. మొక్కల వంక చూశారు. ఫైలు వంక చూశారు.

"మా రికార్డు ప్రకారం ఇవి చనిపోయాయండీ" అన్నారు. "మార్చిలోనే క్లోజ్ చేశాం."

"కళ్ళెదుట ఉన్నాయి కదమ్మా!" అన్నారు బుల్లిరాజు గారు.

"ఉండొచ్చండీ. చనిపోయాక ఎదిగితే డిపార్ట్‌మెంట్‌కి సంబంధం లేదు."

ఇంతలో చైర్మన్ గారి ఫోన్. బుల్లిరాజు గారు లేచి నిలబడి స్పీకరు పెట్టారు.

"ఎవడయ్యా ఈ పని చేసింది?" అన్నారు చైర్మన్ గారు. "శనివారం టీవీ వాళ్ళు వస్తున్నారు. నేను మొక్కలు నాటాలా, పాత మొక్కలకి కాపలా కాయాలా? నేనొచ్చేసరికి అక్కడ మొక్కలుండకూడదు. దోషి మాత్రం ఉండాలి. వాడెవడో నాకు తెలియాలి."

విచారణ తక్షణం మొదలైంది. ఆధారం ఎదురుగానే వేలాడుతోంది. ప్రతి మొక్కకీ కొబ్బరిపీచు తాడుతో ఒక కొబ్బరిచిప్ప కట్టి ఉంది. చిప్ప మీద తెల్ల రంగుతో ఒక పేరు. తాతబ్బాయి గారు. ఎలీసమ్మ గారు. ఇంటికొక పెద్ద, పెద్దకొక మొక్క. గట్టు పొడుగునా ఊరు మొత్తం నిలబడి ఉంది.

అంగన్‌వాడీలో ఆయాగా చేసి రిటైరైన ఎలీసమ్మ అప్పుడే చెంబుతో గట్టెక్కుతోంది. బుల్లిరాజు గారు అడ్డం వెళ్ళారు.

"ఏమ్మా, ఈ మొక్కకి నీళ్ళు పోస్తున్నది నువ్వేనా?"

"ఆయ్. నేనేనండీ."

నేరం ఇంత తేలిగ్గా ఒప్పుకుంటారని ఆయన ఊహించలేదు.

"ఎందుకు పోస్తున్నావు?"

"పొయ్యకపోతే 'ఎలీసమ్మ గారు ఎండిపోయేరు' అనరా అండీ ఊళ్ళో? అటు చూడండి, మీ అమ్మగారు ఎలా నిగనిగలాడిపోతన్నారో."

బుల్లిరాజు గారు అటు చూశారు. ఆ వరసలో మొదటి మొక్క, అన్నిటికన్నా ఏపుగా ఉన్నది, సుబ్బాయమ్మ గారు. ఆ ఊళ్ళోనే ఉంటున్న ఆయన కన్నతల్లి.

"ఆవిడకి మోకాళ్ళ నెప్పులొచ్చిన నెల్లాళ్ళూ నేనే పోసేనండీ" అంది ఎలీసమ్మ. "అరచెంబు తగ్గించి పోసేదాన్ని. నాది ఎదగాలి కదండీ మరి. అయినా ఆవిడే ఎదిగేరు."

"అంటే వాతావరణ మార్పు కోసం కాదా?"

"అదేమో నాకు తెలీదండీ. తాతబ్బాయి గారు రాత్రికి రాత్రి మొక్కకి ఎరువుగా రొయ్యల తుక్కు వేయించుకున్నారని తెలిసేక మాత్రం నాకు కునుకు పట్టలేదండీ."

సాయంత్రానికి ఊళ్ళో నేరస్తుడు కానివాడు ఒక్కడు దొరకలేదు. ఒప్పుకోనివాడూ దొరకలేదు. పైగా, మా మొక్క కూడా రాసుకోండి అంటూ వెంటపడ్డారు.

*

ఈ కుట్రకి సూత్రధారులు ఇద్దరు. వాళ్ళే వచ్చి లొంగిపోయారు.

"మా కోసం వెతుకుతున్నారంట కదా, బాబాయ్ గారూ" అంది లిడియా. ఏసుపాదం మాష్టారి అమ్మాయి, ఎమ్మెస్సీ చదివింది, అమలాపురంలో సైన్సు చెబుతోంది. పక్కన మురళీమోహన్, తాతబ్బాయి గారి మనవడు, కొబ్బరితోటా వరిచేనూ చూసుకునే కుర్రాడు.

వీళ్ళ మీద నాకు ముందే అనుమానం ఉండాల్సింది. పోయినేడు సంకల్పం అయిన వారానికి కమ్యూనిటీ హాల్లో మీటింగు పెట్టారు. భూగోళం ఎంత వేడెక్కిందో తెర మీద బొమ్మలు వేసి చూపించారు. మైకు నేనే ఇచ్చాను. వచ్చినవాళ్ళు ఆరుగురు, అందులో ఇద్దరు ఓడలరేవు ఆటో కోసం ఆగినవాళ్ళు. ఆటో రాగానే భూగోళాన్ని దాని మానాన వదిలేసి వెళ్ళిపోయారు.

"తరవాత నీళ్ళు పొయ్యడానికి మేమిద్దరమే మిగిలేమండీ" అన్నాడు మురళి. "ఏ మొక్క ఎవరి వంతో గుర్తుకి సరదాగా ఓ చిప్ప మీద మా తాతగారి పేరు రాసి కట్టేను. సాయంత్రానికల్లా తాతగారే బిందె పట్టుకుని వచ్చేరు. మర్నాడు వీధిలో పెద్దాళ్ళందరూ మా ఇంటికొచ్చి, మేం పనికిరామా అని ఒకటే గొడవ."

"మేం చెప్పింది ఒక్కటే" అంది లిడియా. "మంచినీళ్ళే పొయ్యండి, సముద్రం నీళ్ళు చుక్క తగిలినా మాడిపోతాయి అని. పాపం, కొనుక్కున్న టిన్నుల్లోవి కూడా తెచ్చి పోసేరు."

"పోసేరమ్మా, చాలా బాగా పోసేరు" అన్నారు బుల్లిరాజు గారు నీరసంగా. "ఇప్పుడు పీకాలి. ఒక్క రోజుకే తల్లీ. శనివారం పీకి, ఆదివారం మళ్ళీ పాతేద్దాం."

"మిమ్మల్ని ఒక్క పూట పాతేసి మర్నాడు తీస్తాం అంటే ఒప్పుకుంటారా బాబాయ్ గారూ?"

మురళి నవ్వాడు. లిడియా నవ్వలేదు.

"పోయిన నవంబరు వాయుగుండానికి ఈ ముక్క ఒక్కటే తెగలేదండీ. అటుపక్క చూడండి, ఇంకా గండి పూడలేదు. వేళ్ళు ఇప్పుడిప్పుడే మట్టిని పట్టుకుంటన్నాయి. ఇప్పుడు పీకేరంటే గట్టంతా గుల్లైపోద్ది. వచ్చేవి తుఫాను రోజులు. చేలు మీవి కూడా ఉన్నాయి ఇక్కడ."

బుల్లిరాజు గారు తన చేల వైపు ఒకసారి చూసుకున్నారు. తరవాత ఫోన్ వైపు చూసుకున్నారు. నాయకుడికి కావలసిన గుండె దిటవు అక్కడ కనిపించింది. ఆయన ఫోన్ వైపే ఉండిపోయారు.

*

గురువారం రాజోలు నుంచి కూలీలను రప్పించారు. మేస్త్రీ పేరు ఇస్సాకు. నెమ్మదస్తుడు.

"ముందు ఎవర్ని పీకమంటారండీ?"

"మొదటి నుంచి రా."

ఇస్సాకు మొదటి మొక్క దగ్గరికి వెళ్ళి, చిప్ప చదివి, చెప్పులు విప్పాడు.

"సుబ్బాయమ్మ గారంటే పెద్దావిడేనాండీ?"

"అది మొక్కయ్యా!"

"మొక్కేనండీ. గారు అని రాసుంది కదండీ. గారు అన్నాక మెడ పట్టుకుని ఎలా లాగుతామండీ? ఆవిణ్ణి ఓ మాట అడిగి వచ్చెయ్యండి, ఈలోగా మేం ఇక్కడే కూచుంటాం."

అడగడానికి వెళ్ళనక్కర్లేకపోయింది. సుబ్బాయమ్మ గారే కర్ర పొడుచుకుంటూ వచ్చారు.

"ఒరే బుల్లీ, నన్ను పీకిస్తన్నావంట?"

"నిన్ను కాదమ్మా, మొక్కని."

"నా పేరున్నది నేను కాదా?"

"పేరుంటే నువ్వయిపోతావా?"

"మరి మీ చైర్మన్ పేరున్న రాయి మీద కాకి వాలితే, ఆయన నెత్తినే వాలినట్టు నన్ను తోలమన్నావు కదరా! ఆ రాయి ఆయనైతే ఈ మొక్క నేను కాదా?"

రాజకీయంగా ఇది బలమైన వాదన. బుల్లిరాజు గారు యామిని గారి వైపు చూశారు. ఆవిడ ఫైలు వైపు చూశారు. సుబ్బాయమ్మ గారు కూలీలందరికీ బొండాలు కొట్టించారు. తాగి, "ఆయ్, వెళ్ళొస్తామండీ" అని ఒక్కో మొక్కకీ దణ్ణం పెట్టి మరీ వెళ్ళారు.

శుక్రవారం నేను మైకులు కట్టి టెస్టింగు చేస్తుంటే బుల్లిరాజు గారు నా పక్కకి వచ్చారు. ముఖంలో మళ్ళీ కళ వచ్చింది.

"గంగాధరం గారూ, పరమ రహస్యమండీ. రేపు తెల్లారేసరికి జేసీబీ వస్తుంది. భీమవరం వైపు బండి. మనుషులకి గారూ బూరూ కానీ, యంత్రానికి చదువు రాదు కదండీ. ఊరు లేచేసరికి గట్టు నున్నగా ఉంటుంది."

మైకు ఆన్‌లో ఉంది. ఇన్నేళ్ళ సర్వీసులో ఇలాంటి సాంకేతిక లోపం రావడం ఇదే మొదలు. ఆయన గొంతు నాలుగు హారన్లలోంచి ఊరి మీదుగా సముద్రం దాకా స్పష్టంగా వెళ్ళింది. సౌండు క్వాలిటీ బాగుందని చాలామంది తరవాత మెచ్చుకున్నారు.

పొద్దుగూకే వేళకి సుబ్బాయమ్మ గారి అరుగు మీద ఊరంతా చేరింది. లైటు కట్టడానికి నన్ను పిలిచారు.

"యంత్రానికి అడ్డంగా పడుకుందాం" అన్నాడు ఒకాయన.

"రేపు పడుకుంటాం. ఎల్లుండి?" అంది లిడియా. "రోజూ పడుకోలేం కదా పెదనాన్న గారూ. వాళ్ళే వద్దనుకునేలా చెయ్యాలి. ఒక దారి ఉంది. మీకు నచ్చదు."

చెప్పింది. నచ్చలేదు. అప్పుడు తాతబ్బాయి గారు కండువా దులిపి లేచారు.

"ఏడాది పొడుగునా బిందె మోసింది నేను. పేరు ఆయనదా?"

"తాతా, కూచో" అన్నాడు మురళి.

"నేను కూచోను!"

ఎలీసమ్మ లేచి గట్టు వైపు వెళ్ళింది. కాసేపటికి తన చిప్ప విప్పుకుని తెచ్చి, రంగు డబ్బా పక్కన బోర్లా పెట్టింది.

"పేరెవరిదైతే ఏంటండీ" అంది. "నీడ ఆయన కారెక్కి పోదు కదండీ."

తరవాత ఒక్కొక్కరే లేచారు. తాతబ్బాయి గారు అందరికన్నా ఆఖర్న ఇచ్చారు. ఇచ్చేముందు చిప్పని కండువాతో ఒకసారి తుడిచారు.

*

శనివారం తెలతెలవారుతుండగా జేసీబీ గట్టెక్కింది. బుల్లిరాజు గారు చెయ్యి ఊపారు. యంత్రం తొండం ఎత్తింది. ఎత్తి, అలాగే ఆగిపోయింది. యంత్రానికి చదువు రాకపోయినా డ్రైవరుకి వచ్చు.

"ఏంటండీ ఈ పేరు?" అని పైనుంచి అరిచాడు.

బుల్లిరాజు గారు వెళ్ళి చూశారు. చిప్ప మీద తెల్లగా, ఇంకా పూర్తిగా ఆరని రంగుతో ఉంది: చైర్మన్ శ్రీ సూర్యప్రకాష్ గారు. పక్క మొక్క చూశారు. చైర్మన్ శ్రీ సూర్యప్రకాష్ గారు. గట్టు చివరిదాకా పరుగెత్తి చూసి వచ్చారు. ఎక్కడ చూసినా ఆయనే.

"ఆయన్ని పీకి నేను ఏ జిల్లాలో బతకాలండీ?" అని డ్రైవరు ఇంజన్ ఆపేశాడు.

బుల్లిరాజు గారు తనే పూనుకున్నారు. మొదటి మొక్క మొదలు పట్టుకున్నారు. కాండం చేతిలో ఉంది, కళ్ళెదురుగా చైర్మన్ గారి పేరు ఊగుతోంది. ఆయన చెయ్యి తీసేసి, పట్టుకున్నచోట కండువాతో నెమ్మదిగా తుడిచారు.

ఆ తరవాత కడియం లారీ వచ్చింది. నాటడానికి గుంటల్లేవు. మురళి డ్రైవరు పక్కన ఎక్కి, లారీని పక్క ఊరి గండి వైపు తిప్పించాడు. నాటడం లేనప్పుడు నీళ్ళు పొయ్యడం ఎందుకని, బుల్లిరాజు గారి మనుషులు తాము నింపి పెట్టిన ఇత్తడి బిందెలు కూడా వొంపేసి పట్టుకుపోయారు. లారీ మీద అన్నిటికన్నా పైన గోనెసంచి నిండా ఖాళీ కొబ్బరిచిప్పలు, ఒక రంగు డబ్బా.

పదింటికి చైర్మన్ గారు దిగారు. వెనక టీవీ వాళ్ళు. గట్టు మీద పచ్చటి వరస చూసి ఆయన మొహం ఎర్రబడింది.

"పీకమన్నాను కదయ్యా" అన్నారు పళ్ళ మధ్య నుంచి.

"మీరేనండీ" అన్నారు బుల్లిరాజు గారు ఏడుపు గొంతుతో. "ఎటు చూసినా మీరేనండీ. ఎలా పీకమంటారండీ?"

చైర్మన్ గారు దగ్గరికి వెళ్ళి ఒక చిప్ప చదివారు. రెండోది చదివారు. కెమెరాలు ఆయన చుట్టూ చేరాయి.

"సార్, పోయినేడు నాటిన మొక్కలు ఒక్కటి కూడా పోలేదు. తీరం మొత్తం మీద ఇలాంటిది ఎక్కడా చూడలేదు. దీనికి కారకులు ఎవరండీ?" అని ఒక విలేకరి అడిగాడు.

ఊరంతా అక్కడే ఉంది. ఎలీసమ్మ సముద్రం వైపు చూస్తోంది. తాతబ్బాయి గారు కాలి బొటనవేలితో ఇసుక గీస్తున్నారు. లిడియా వచ్చి ఆయన చెయ్యి గట్టిగా పట్టుకుంది.

చైర్మన్ గారు మొక్కల వంక చూశారు. కెమెరాల వంక చూశారు. తరవాత గంభీరంగా నడిచి నా మైకు దగ్గరికి వచ్చారు. అలల హోరులో ఒక్క మాట కూడా పోకూడదని నేను సౌండు కొంచెం పెంచాను.

"సోదర సోదరీమణులారా! దోషిని పట్టుకోమని ఆదేశించింది నేనే. ఇంక దాచి లాభం లేదు. ఈ పని చేసింది కూడా నేనే! ఇవి మొక్కలు కావు, నా ప్రాణాలు. ఇకమీదట వీటిలో ఒక్క ఆకు రాలినా నన్ను నిలదియ్యండి. వీటి మీద చెయ్యి వేసినవాడు నా మీద చెయ్యి వేసినట్టే! ఇన్నాళ్ళూ ఈ గట్టుకి నేను చేసిన సేవ ఎక్కడా చెప్పుకోలేదు. ఈ రోజు చెబుతున్నాను. మొదటి ఏడాది నుంచీ ఇక్కడ మొక్కలకి నీళ్ళు పోసింది నేనే. పంపు నీళ్ళు కావు, టిన్ను నీళ్ళు కావు. ప్రజలు తాగే నీళ్ళు ముట్టుకోకూడదన్నది నా నియమం. ఎదురుగా ఇంత సముద్రం ఉండగా నీళ్ళకేం కొరత? బుల్లిరాజు చేత బిందెల్లో తోడించి, మొక్కకొక బిందె చొప్పున, ఇదిగో ఈ రెండు చేతులతో ఏటా పోశాను. పోయినేడు పాడు వాన అడ్డం వచ్చింది గానీ, లేకపోతే వీటికి కూడా పోసేవాణ్ణి!"